కాకినాడలో మా పైలింగ్ పనికి తీసుకున్న మానవ తప్పిదాల అంచనా సేవ: ఒక సమీక్ష

కాకినాడలో ఎనిమిది కుటుంబాలు కలిసి కట్టుకుంటున్న పది ఫ్లాట్ల భవనానికి స్ట్రక్చరల్ డిజైన్ చేసింది నేను. స్టిల్ట్ మీద ఐదు అంతస్తులు, కింద నేల లోతుకు కాంక్రీటు స్తంభాల్లా దిగే 42 పైళ్లు. ఒక్కో పైలు వ్యాసం 450 మిల్లీమీటర్లు, నేల మీద నుంచి బోరు లోతు 20 మీటర్లు, మోయాల్సిన బరువు 45 టన్నులు. ఈ పని మొదలయ్యే ముందు, యజమానులను ఒప్పించి, మన వైపు ఇంకా అంతగా అలవాటు కాని ఒక సేవను తీసుకున్నాం. పైలింగ్ పనిలో మనుషులు ఎక్కడ, ఎందుకు, ఎంత తరచుగా తప్పు చేసే అవకాశం ఉందో ముందుగా అంచనా వేసి, ఆ తప్పులు భూమిలోకి పోకముందే పట్టుకునే ఏర్పాట్లు సూచించి, పని జరుగుతున్నప్పుడు చెప్పకుండా వచ్చి చూసే సేవ ఇది. ఆ సంస్థ పేరు, పైలింగ్ కాంట్రాక్టరు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇద్దరి పనిలోనూ లోపాలు చెప్పవలసి వస్తోంది, ఆ లోపాలు సరిదిద్దడానికి ఇద్దరూ నిజాయితీగా సహకరించారు. ఇలాంటి సేవ తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న ఇంజనీర్లకు, అపార్ట్‌మెంటు యజమానులకు పనికొచ్చేది ఆ పేర్ల కంటే జరిగిన వివరమే.

ముందు నేల సంగతి చెప్పాలి. మా స్థలంలో పైన మీటరున్నర మెరక మట్టి తీస్తే, అక్కడి నుంచి సుమారు 13 మీటర్ల దాకా బూడిద రంగు సముద్రపు బంకమట్టి ఉంది. ఎస్పీటీ అనే పరీక్షలో సుత్తితో కొట్టి ఒక గొట్టాన్ని నేలలోకి దించుతూ దెబ్బలు లెక్కపెడతారు, ఆ లెక్కే ఎన్ విలువ. ఇక్కడ అది రెండు నుంచి నాలుగు, అంటే మెత్తటి నేల. దాని కింద గట్టి బంకమట్టి, 17.5 మీటర్ల దగ్గర దిట్టమైన ఇసుక. పైలు ఆ ఇసుకలోకి రెండున్నర మీటర్లు దిగాలన్నది నా డిజైన్. ఇలాంటి నేలలో బోరు గోడలు కూలకుండా బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన ద్రవం నింపి తవ్వుతారు కాబట్టి, తవ్వినప్పటి నుంచి కాంక్రీటు పోసేవరకు లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు. స్లాబులో కాంక్రీటు సరిగ్గా పడకపోతే షట్టరింగ్ విప్పగానే తెలుస్తుంది. పైలులో పడకపోతే, చాలా సందర్భాల్లో, భవనం కుంగేదాకా తెలియదు. తవ్వినవాడి మాట, కొలిచినవాడి మాట, రిజిస్టరులో రాసినవాడి మాట, ఈ మూడింటి మీదే పునాది నిలబడుతుంది. కాంక్రీటు బలాన్ని, నేల బలాన్ని లెక్కకట్టడానికి మనకు కోడ్‌లు ఉన్నాయి. ఆ మూడు మాటల నమ్మకాన్ని లెక్కకట్టే అలవాటు మాత్రం మన సైట్లలో లేదు. నేను ఈ సేవ కోరుకోవడానికి కారణం అదే.

సంస్థ తరఫున ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. ఒకరు పునాదుల పనిలో చాలాకాలం ఉన్నవారు, మరొకరు పారిశ్రామిక భద్రతలో చదువుకున్న యువతి. మొదటి రెండు రోజులు వారు ఏ పరికరమూ తీయలేదు. బోరు తవ్వే యంత్రాన్ని (రిగ్గు) నడిపే డ్రిల్లరు, హెల్పర్లు, బార్ బెండర్లు, కాంక్రీటు పోసే గ్యాంగు, వీరందరితో విడివిడిగా కూర్చుని, ఒక పైలు మొదలు నుంచి చివరిదాకా ఎలా పూర్తవుతుందో వారి నోటితోనే చెప్పించుకున్నారు. సూపర్‌వైజరును ఆ సమయంలో దూరంగా ఉండమని మర్యాదగా కోరారు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. ఎందుకంటే సూపర్‌వైజరు ముందు అడిగితే ప్రతి హెల్పరూ పుస్తకంలో ఉన్న జవాబే చెబుతాడు. "ఏం తప్పు జరగవచ్చు" అని వారు అడగలేదు. "ఇంతకు ముందు మీరు చేసిన చోట ఏ పైలు దగ్గర ఇబ్బంది పడ్డారు, అప్పుడు ఏం చేశారు" అని అడిగారు. ఒక హెల్పరు, కాసేపు తటపటాయించి, వేరే ఊళ్లో ట్రెమీ పైపును, అంటే ముక్కలుగా జోడించి కాంక్రీటును బోరు అడుగుకు పంపే గొట్టాన్ని, కాంక్రీటులోంచి పొరపాటున పూర్తిగా పైకి లాగేసి, మళ్లీ దించి పోత కొనసాగించిన సంగతి చెప్పాడు. పైపు కాంక్రీటులోంచి బయటికొస్తే మధ్యలో బురద పొర చిక్కుకుంటుంది, అక్కడ పైలు తెగినట్టే. అతనికి ఆ ప్రమాదం తెలుసు. ఎందుకు లాగారని అడిగితే, ఎన్ని ముక్కలు విప్పామో లెక్క తప్పిందని చెప్పాడు.

ఆ రెండు రోజుల్లో వారు పైలింగ్‌ను 31 చిన్న పనులుగా విడదీశారు. వాటిలో ఏడింటిని కీలకంగా గుర్తించారు: పైలు స్థానం గుర్తించడం, లోతు కొలవడం, అడుగున పేరుకున్న మడ్డిని కడగడం, ఇనుప రాడ్లతో కట్టిన కేజ్ దించడం, ట్రెమీ పైపును కాంక్రీటులో మునిగి ఉండేలా చూడటం, కాంక్రీటు ఎంత సులువుగా జారుతుందో పరీక్షించడం, పైలు పై కొసను చివరికి కొట్టేసే మట్టం (కట్ ఆఫ్ లెవెల్) పైన కాంక్రీటును తగినంత పొంగించడం. మట్టి పరీక్ష నివేదికను కూడా ఊరికే నమ్మకుండా, ఒక అదనపు బోరు వేయిస్తున్నప్పుడు పక్కన నిలబడ్డారు. ఎస్పీటీలో 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి. తాడుతో సుత్తిని లాగే మనిషి పొద్దున ఆ ఎత్తును సరిగ్గా పాటించాడు, భోజనం తరువాత అలసిపోయి చెయ్యి ముందే వదలడం మొదలుపెట్టాడు. ఎత్తు తగ్గితే దెబ్బల సంఖ్య పెరుగుతుంది, నేల ఉన్నదానికంటే గట్టిదిగా కాగితం మీద కనిపిస్తుంది. వారు గైడు రాడ్డు మీద సుద్దతో ఒక గీత పెట్టించారు, అంతే. ఆ గీత విలువ ఎంతో ఇరవై ఏళ్లుగా మట్టి నివేదికలు చదువుతున్న నాకు తెలుసు.

ఈ తరహా విశ్లేషణ ఎక్కడి నుంచి వచ్చిందో రెండు మాటలు చెప్పాలి. మనిషి తప్పు చేసే సంభావ్యతను లెక్కగట్టే పద్ధతులు ఎక్కువగా అణు విద్యుత్ కేంద్రాల కోసం పుట్టాయి. థెర్ప్ అనే పద్ధతికి స్వెయిన్, గుట్‌మన్ అమెరికా అణు నియంత్రణ సంస్థ కోసం రాసిన సమగ్ర కరదీపిక 1983లో వచ్చింది. హార్ట్ అనే పద్ధతి బ్రిటన్‌లో 1980లలో వచ్చింది. హార్ట్‌లో ప్రతి పనినీ ఒక సాధారణ తరగతిలో చేర్చి, దానికొక మూల సంభావ్యత ఇస్తారు. తరువాత పనిచేసే పరిస్థితిని బట్టి ఆ సంఖ్యను పెంచుతారు. అలవాటైన, వేగంగా చేసే, పెద్ద నైపుణ్యం అక్కర్లేని పనికి మూల విలువ 0.02, అంటే వందకు రెండు. తప్పును గమనించి దిద్దుకునే సమయం లేకపోతే ఆ విలువ గరిష్ఠంగా 11 రెట్లు, వేరొకరి తనిఖీ లేకపోతే 3 రెట్లు పెరగవచ్చు. ఆ పరిస్థితి మన సైటులో ఏ మేరకు ఉందో విశ్లేషకుడే నిర్ణయించి, గుణకంలో ఒకటికి పైనున్న పెరుగుదలను ఆ మేరకు తగ్గిస్తాడు. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

మొదటి విడత తరువాత వారు ఇచ్చినవి రెండు: నా కోసం ఇంగ్లీషులో 40 పేజీల నివేదిక, సైటు కోసం ప్లాస్టిక్ పొర వేసిన తనిఖీ కార్డులు. కార్డులు చక్కగా ఉన్నాయి. ఒక్కో దశకు ఒక కార్డు, దాని మీద ఆ దశలో ఆగి చూడవలసినవి మూడుకు మించకుండా రాశారు. ట్రెమీ పైపు ముక్కలకు వరుస సంఖ్యలు వేయించి, విప్పిన ముక్కలను నేల మీద వరుసగా పేర్చాలన్న సూచన నాకు అన్నిటికంటే నచ్చింది. అప్పుడు లెక్క ఎవరి తలలోనూ ఉండనక్కర్లేదు, నేల మీద కనిపిస్తుంది. లోతు కొలిచే దశకు వారు రాసిన నియమం ఇది: బోరు లోతును ఇద్దరు వేర్వేరు మనుషులు, ఒకరి తరువాత ఒకరు కొలిచి, ఇద్దరూ రిజిస్టరులో సంతకం చేయాలి. చదివినప్పుడు నాకూ అది సరిపోతుందనే అనిపించింది.

పని మొదలైన తరువాత వారు మూడుసార్లు చెప్పకుండా వచ్చారు. నేను ఈ సమీక్ష రాయడానికి కారణం రెండో రాక.

ఆ రోజు నేను కూడా సైటులోనే ఉన్నాను. సగానికి పైగా పైళ్లు పూర్తయ్యాయి. రిజిస్టరులో అన్ని పైళ్లకూ లోతు 20 మీటర్లు, రెండేసి సంతకాలు, ఎక్కడా కొట్టివేత లేదు. ఆ యువ ఇంజనీరు రిజిస్టరు చూసి పక్కన పెట్టి, నేరుగా ఇనుము కట్టే చోటికి వెళ్లారు. అక్కడ, రింగులు వంచే బల్ల కింద, తుక్కు కుప్పలో 16 ఎంఎం రాడ్డు ముక్కలు కనిపించాయి. మామూలుగా తుక్కులో రాడ్డు ముక్కలు రకరకాల పొడవుల్లో ఉంటాయి. ఇవి దాదాపు ఒకే పొడవు, ఇంచుమించు మీటరు. వాటి మీద రింగు తీగ బిగించిన ఆనవాళ్లు ఉన్నాయి, కొన్నిటికి ఎండిన బెంటొనైట్ అంటుకుని ఉంది. ఆమె వాటిని ఏరి, ఇసుక మీద వరుసగా పేర్చి లెక్కపెట్టారు. పద్దెనిమిది. మా కేజ్‌లో నిలువు రాడ్లు ఆరు.

"ఈ ముక్కలు ఎక్కడివి మేస్త్రి గారూ?"

"కేజ్ పైకి పొడుచుకొచ్చిందండి. గరాటు పెట్టడానికి అడ్డం వస్తుంటే కోసేశామండి."

"ఎన్ని పైళ్లకి?"

"మూడింటికండి. రాత్రిపూట వేసినవండి."

కేజ్ పొడవు అన్నిటికీ ఒకటే. బోరు లోతు నిజంగా 20 మీటర్లు ఉంటే కేజ్ పై కొస నేల మట్టానికి కిందే ఉండాలి. అది ఉండాల్సిన చోటు కంటే మీటరు పైకి వచ్చిందంటే, అడుగున మీటరు మేర మడ్డి అయినా పేరుకుని ఉండాలి, బోరు అయినా మీటరు తక్కువ తవ్వి ఉండాలి. కొలత టేపు తెప్పించి చూశాం. చివర గుండు కట్టిన 30 మీటర్ల ఫైబర్ టేపు అది. గుండు ముడి దగ్గర టేపు మీద మొదట కనిపించిన అంకె సున్నా కాదు, ఒకటి. కొన్ని రోజుల కిందట మధ్యాహ్నం బోరులో ఇరుక్కుని టేపు మొదటి మీటరు తెగిపోయింది. పగటి హెల్పరు మిగిలిన టేపుకే గుండు కట్టుకుని, చదివిన అంకెలోంచి ఒకటి తీసేసి చెబుతున్నాడు. పగటి సూపర్‌వైజరుకు ఆ సంగతి చెప్పాడు. రాత్రి గ్యాంగుకు ఎవరూ చెప్పలేదు. వారికి టేపు మీద 20 కనబడగానే ఆపేశారు, నిజంగా ఉన్నది 19. నియమం ప్రకారం ఇద్దరు మనుషులూ కొలిచారు. ఇద్దరూ అదే టేపుతో కొలిచారు, ఇద్దరికీ 20 వచ్చింది, ఇద్దరూ నిజాయితీగా సంతకం చేశారు.

ఇక్కడ ఆ సంస్థ ప్రవర్తన గురించి చెప్పకపోతే అన్యాయం. తమ కార్డు మీద రాసిన నియమమే ఈ తప్పును పట్టుకోలేకపోయిందని ఆ సీనియర్ ఇంజనీరు అదే సాయంత్రం మా ముందు ఒప్పుకున్నారు. రెండు జతల కళ్లు ఉన్నా కొలబద్ద ఒక్కటే అయితే అది ఒక్క తనిఖీయే అని చెప్పి, మరుసటి రోజుకే నియమం మార్చారు. మా రిగ్గు బెంటొనైట్ ద్రవాన్ని బోరులోకి పంపుతూ తవ్వే డీఎంసీ రకం, మూడేసి మీటర్ల రాడ్లు జోడిస్తూ తవ్వుతుంది. 20 మీటర్ల బోరుకు ఏడు రాడ్లు దిగి, ఏడో రాడ్డు నేల మీద ఒక మీటరు మిగలాలి. టేపు కొలతతో పాటు రాడ్ల లెక్కను కూడా విడిగా రాయాలి, రెండింటికీ 15 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే కేజ్ దించకూడదు, కేజ్ కొస కోయవలసిన అవసరం ఏ కారణంతో వచ్చినా పని ఆపి నాకు ఫోను చేయాలి. ఇదీ కొత్త కార్డు. రాత్రి డ్రిల్లరును తరువాత అడిగితే, ఆ మూడు పైళ్లకు రాడ్డు నేల మీద రెండు మీటర్లు మిగిలిందని తనకు గుర్తుందని, టేపు 20 చూపించింది కదా అని ఊరుకున్నానని చెప్పాడు. అతని దగ్గర సరైన సమాచారం ఉంది. దాన్ని అడిగేవారు గాని, రాసుకునే గడి గాని లేదు.

ఈ తప్పును పరికరాలు పట్టుకునేవి కదా, ఇంత హడావుడి ఎందుకు అని యజమానుల్లో ఒకరు అడిగారు. ఆ ప్రశ్న చాలామందికి వస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. మొదటిది కాంక్రీటు పరిమాణం. 450 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బోరులో మీటరుకు పట్టేది 0.16 ఘనపు మీటరు. మెత్తటి బంకమట్టిలో బోరు గోడలు ఉబ్బి పదో, పదిహేనో శాతం అదనంగా కాంక్రీటు పోవడం మామూలే. 20 మీటర్ల పైలుకు ఆ అదనమే 0.3 నుంచి 0.5 ఘనపు మీటరు ఉంటుంది. ఒక మీటరు లోటు అందులో కలిసిపోతుంది. రెండోది సుత్తి దెబ్బతో ధ్వని తరంగం పంపి చేసే ఇంటెగ్రిటీ పరీక్ష. భారతీయ ప్రమాణం ఐఎస్ 14893 ప్రకారం మేము దాన్ని అన్ని పైళ్లకూ వేరే సంస్థతో చేయించాం. ఆ పరీక్షలో పైలు పొడవు నేరుగా తెలియదు, తరంగం వెళ్లి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి, కాంక్రీటులో దాని వేగం సెకనుకు సుమారు 4,000 మీటర్లు అనుకుని లెక్కకడతారు. కాంక్రీటు నాణ్యతను బట్టి ఆ వేగం అయిదు శాతం అటూ ఇటూ ఉండవచ్చు. 20 మీటర్లలో అయిదు శాతం అంటే సరిగ్గా ఒక మీటరు. పైగా పొడవు వ్యాసానికి ముప్పై రెట్లు దాటిన పైళ్లలో అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వని బలహీనపడుతుంది, మావి నలభైకి పైనే ఉన్నాయి. ఆ మూడు పైళ్ల గ్రాఫు గీతలు మిగతా వాటికి ఏ మాత్రం భిన్నంగా రాలేదు. మనుషుల పనిని గమనించడం అలవాటైన ఒక ఇంజనీరు తుక్కు కుప్ప చూడకపోయి ఉంటే, ఈ లోటు ఎప్పటికీ మాకు తెలిసేది కాదు.

ఆ పైళ్లను ఏం చేశామో కూడా చెప్పాలి. 19 మీటర్ల దగ్గర కూడా పైలు అడుగు ఇసుక పొరలో మీటరున్నర లోపలే ఉంది కాబట్టి పరిస్థితి చేయి దాటలేదు. మళ్లీ లెక్కవేస్తే 45 టన్నులకు బదులు 40 టన్నులు భద్రంగా మోస్తాయని వచ్చింది. వాటిలో ఒకదానికి ఐఎస్ 2911 నాలుగో భాగం ప్రకారం ఒకటిన్నర రెట్లు, అంటే 67.5 టన్నుల బరువు పెట్టి పరీక్ష చేయించాం. కుంగుదల 12 మిల్లీమీటర్ల హద్దుకు బాగా లోపలే ఉంది. అయినా రెండు పొట్టి పైళ్లు ఒకే పైల్ క్యాప్ (పైళ్లను పైన కలిపే కాంక్రీటు దిమ్మె) కిందకు వచ్చిన చోట ఒక అదనపు పైలు వేయించాను. పరీక్ష నెగ్గింది ఒక పైలు, మిగతా రెండింటి మీద పరీక్ష జరగలేదు.

ఇక నాకు అసంతృప్తి కలిగించినవి. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి నివేదికలో ఉన్న సంఖ్యలు. లోతు కొలిచే పనికి మూల విలువ 0.02 తీసుకుని, ఒకటికి పైనున్న పెరుగుదలలో తనిఖీ లోపానికి సగం, సమయం చాలకపోవడానికి పదో వంతు వర్తింపజేసి, రెండూ చెరో రెండు రెట్లుగా తేల్చి, తప్పు సంభావ్యత 0.08 అని రాశారు. దాన్ని 42తో గుణించి, మూడు పైళ్లకు కొంచెం పైగా తప్పు జరగవచ్చని ముందే సూచించినట్టుగా, జరిగినవి కూడా మూడేనని, అంచనా నిజమైందని ముగించారు. ఈ వాదనతో నేను ఏకీభవించలేను. సగం, పదో వంతు అన్నవి విశ్లేషకుడి అభిప్రాయాలు. వాటిని మారిస్తే జవాబు ఒకటీ కావచ్చు, పదీ కావచ్చు. అంతకంటే పెద్ద లోపం, ఆ గుణకారం ప్రతి పైలునూ వేరువేరు పాచికగా చూసింది. మా దగ్గర జరిగినవి మూడు వేరువేరు తప్పులు కావు. ఒకే తెగిన టేపు, ఒకే చెప్పని మాట, వాటి ఫలితంగా మూడు పైళ్లు. ఆ టేపు తెగిన సంగతి ఇంకో వారం బయటపడకుండా ఉంటే రాత్రి వేసిన ప్రతి పైలూ పొట్టిదే అయ్యేది. థెర్ప్ పద్ధతిలో ఒక తప్పు మరో తప్పు మీద ఎంత ఆధారపడి ఉందో చూడటానికి, ఏ సంబంధమూ లేని స్థితి నుంచి పూర్తి ఆధారపాటు వరకు అయిదు స్థాయిలు ఉన్నాయి. నలభై ఏళ్లుగా అందుబాటులో ఉన్న ఆ ఆలోచనను నివేదికలో ఎక్కడా వాడలేదు. దీన్ని నేను వారికి లిఖితపూర్వకంగా తెలియజేశాను. సవరించిన ప్రతిలో ఆ ముగింపు తీసేశారు, ఆధారపాటు గురించి ఒక పేజీ చేర్చారు. యజమానులు మొదటి ప్రతినే చదివి, 0.08 అనే సంఖ్యను ప్రయోగశాలలో కొలిచిన విలువలా భావించారు. అణు కేంద్రాల లాంటి చోట్ల వాడకానికి పెరిగిన పద్ధతి ఇచ్చే సంఖ్యను, అర్ధరాత్రి బురదలో నిలబడి టార్చిలైటు వెలుగులో టేపు చదివే మనిషికి వర్తింపజేస్తున్నప్పుడు, అది ఏ పనిలో ప్రమాదం ఎక్కువో వరుసక్రమం తేల్చడానికే గాని పరిమాణం చెప్పడానికి కాదని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయాలి.

రెండో ఫిర్యాదు భాష గురించి. కార్డులు తెలుగులో, ఇంగ్లీషులో ఇచ్చారు. రాత్రి గ్యాంగులో సగం మంది బెంగాల్ నుంచి వచ్చినవారు. మొదటి రెండు రోజుల సంభాషణలు పగటి గ్యాంగుతోనే జరగడం వల్ల ఈ సంగతి వారి దృష్టికి రాలేదు. టేపు సంగతి బయటపడ్డాక బొమ్మలతో కొత్త కార్డులు వేయించారు, అవి బాగా పనిచేశాయి. అయితే తప్పులు ఎక్కువగా జరిగేది రాత్రి అని నివేదికలో రాసినవారు రాత్రి పని చేసేవారితో మొదటే కూర్చుని ఉండాల్సింది.

మూడోది, ఈ పద్ధతికి ఉన్న సహజమైన హద్దు. మనుషులు పొరపాటు పడతారన్న అంచనా మీద ఇది నడుస్తుంది, మోసం చేస్తారన్న అంచనా మీద కాదు. హాంకాంగ్‌లోని షా టిన్‌లో 1999, 2000 సంవత్సరాల్లో బయటపడిన పొట్టి పైళ్ల వ్యవహారంలో, 34 అంతస్తుల దాకా లేచిన రెండు నివాస భవనాలను కూల్చవలసి వచ్చింది. అక్కడ జరిగింది కొలతలో పొరపాటు కాదు, తెలిసి చేసిన పని. అలాంటి చోట కార్డులు, సంతకాలు ఎన్ని పెంచినా ప్రయోజనం తక్కువ. మా కాంట్రాక్టరు మీద నాకు అలాంటి అనుమానం ఏనాడూ లేదు, కానీ ఈ సేవను మోసం మీద కాపలాగా భావించి కొనేవారు నిరాశపడతారు.

వారు యజమానుల కోసం పెట్టిన గంటసేపు పరిచయ సమావేశం మాత్రం చాలా బాగుంది. సింగపూర్‌లో 2004 ఏప్రిల్ 20న కూలిన నికోల్ హైవే తవ్వకాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. మెట్రో సర్కిల్ లైన్ కోసం సుమారు 30 మీటర్ల లోతు తవ్విన గుంట, సముద్రపు బంకమట్టి, నలుగురి మరణం. మెత్తటి మట్టి బలాన్ని కంప్యూటరు విశ్లేషణలో ఎక్కువగా అంచనా వేయడం, గుంట గోడలు లోపలికి పడకుండా అడ్డంగా పెట్టే దూలాలను గోడకు కలిపే చోట డిజైన్ బలహీనంగా ఉండటం, పరికరాలు ముందుగా చూపిన హెచ్చరికల మీద సరైన చర్య తీసుకోకపోవడం, ఇవన్నీ విచారణలో బయటపడ్డాయి. కొలతలు ఉన్నాయి, చదివినవారు ఉన్నారు, పని ఆగలేదు. సమావేశం చివర ఆ సీనియర్ ఇంజనీరు మా యజమానులను ఒకే ప్రశ్న అడిగారు: "మీ సైటులో రాత్రి పదకొండు గంటలకు పని ఆపమనే అధికారం ఎవరికి ఉంది, ఆపితే ఆ మనిషికి ఎంత నష్టం?" ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. మా కాంట్రాక్టు మీటరుకు ఇంత అన్న లెక్క మీద ఉంది, గ్యాంగుకు పైలుకు ఇంత. ఆపిన ప్రతి గంటా వారి కూలిలోంచే పోతుంది. ఆ తరువాత, నాణ్యత కారణంగా ఆపిన సమయానికి రోజుకు రెండు గంటల వరకు యజమానులే కూలి ఇవ్వాలని ఒప్పందంలో చేర్చాం. మొత్తం పనిలో దాని మీద అయిన ఖర్చు ఒక్క పైలు ఖరీదు కూడా కాలేదు. ఈ సేవ ఇచ్చిన సూచనల్లో అన్నిటికంటే విలువైనది ఇదేనని నా అభిప్రాయం.

ఖర్చు విషయానికొస్తే, మాకు జీఎస్టీ కాకుండా 1,10,000 రూపాయలు అయింది, పైలింగ్ ఖర్చులో సుమారు ఏడు శాతం. మొదటి నివేదిక చెప్పిన తేదీకి వచ్చింది, చివరిది మూడు వారాలు ఆలస్యమైంది. గట్టి మొరం మీద విడి ఫుటింగులతో కట్టే రెండంతస్తుల ఇంటికి ఈ ఖర్చు అనవసరం. అక్కడ గుంట కళ్ల ముందే ఉంటుంది, ఇంజనీరు దిగి చూడగలడు. తీర ప్రాంతపు మెత్తటి నేలలో పైళ్లు వేసేవారికి, ఊరి మధ్య పక్క ఇళ్లకు ఆనుకుని లోతైన సెల్లారు తవ్వేవారికి మాత్రం తీసుకోమనే చెబుతాను. తీసుకునేవారు ఒప్పందంలో మూడు విషయాలు రాయించుకోవాలి. రాత్రి గ్యాంగుతో కూడా మొదటి విడతలోనే, వారి భాషలో మాట్లాడాలి. ప్రతి కీలక కొలతకూ వేరే పరికరంతో, వేరే దారిలో వచ్చే రెండో కొలత ఉండాలి. చెప్పకుండా వచ్చే తనిఖీల్లో కనీసం ఒకటి రాత్రిపూట జరగాలి. మాకు వచ్చిన మూడూ పగటివే.

మా వీధిలోనే మరో స్థలంలో ఇప్పుడు మట్టి పరీక్ష బోర్లు మొదలవుతున్నాయి. ఆ యజమానులు నన్ను అడిగితే ఇదే సంస్థను పిలవమన్నాను, పైలింగ్ దాకా ఆగకుండా మట్టి పరీక్ష దశలోనే పిలవమన్నాను. తెగిన ఆ టేపును మా కాంట్రాక్టరు పారేయలేదు. సైటు ఆఫీసు గోడకు, పైల్ రిజిస్టరు పెట్టే బల్ల పైన మేకుకు తగిలించాడు. కొత్త టేపు వాడే ముందు ప్రతి షిఫ్టులోనూ దాని మొదటి మీటరును ఉక్కు స్కేలు పక్కన పెట్టి చూసి, చూసినట్టు రాయడం ఇప్పుడు అతని గ్యాంగులకు అలవాటైంది.